గొలుసు చుట్టిన గరిటె

మొన్న ఆదివారం మా అత్త వంటగది అటక దింపుతుంటే ఒక గరిటె దొరికింది. దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంటుంది అత్త ఊరు. పెంకులు తీసేసి శ్లాబు వేయిస్తానని అత్త దగ్గరుండే మా మరిది పట్టుబట్టి కూర్చున్నాడు. పని మొదలయ్యేలోపు సామాను సర్దిపెడదామని బందరు నుంచి నేనూ, గుడివాడ నుంచి మా అమ్మాయి రేవతీ, దాని రెండేళ్ళ కూతురూ వెళ్ళాం. అటక మీద చిరిగిన వల ముక్కలు, తుప్పు పట్టిన తక్కెడ, మావయ్య లాంతరు, వాటన్నిటి వెనక ఒక రేకు డబ్బా. డబ్బాలో ఒక సత్తు గిన్నె, దాని మూత, ఒక చెక్క గరిటె. గరిటె కాడకి చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు ముక్క చుట్టి ఉంది. పూత ఎప్పుడో పోయి గొలుసంతా నల్లబడింది. "ఇదేంటత్తా, గరిటెకి కూడా నగ చేయించావా?" అని నవ్వాను. అత్త వాకిట్లో మంచం మీద కూర్చుని మునిమనవరాలితో ఆడుకుంటోంది. ఎనభై అయిదు దాటినా ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఆవిడకి కావాల్సిన మాటలే వినపడతాయి. ఇది వినపడలేదు. రేవతి మాత్రం గరిటె నా చేతిలోంచి లాక్కుని, "అమ్మా, ఇది మాది! నాదీ తమ్ముడిదీ" అంది. ఆ తర్వాత అది చెప్పిన నాలుగు మాటలకి నేను సర్దడం ఆపేసి వంటగది గడప మీద కూర్చున్నాను. అవి ఏమిటో తెలియాలంటే ముందు రేవతి చిన్నప్పుడు మా ఇంట్లో పాలు ఎలా మానేశామో చెప్పాలి.

అత్త నాకు అత్తగారు కాకముందు మేనత్త. మా నాన్న రైల్వేలో పని దొరికి గుడివాడలో స్థిరపడ్డాడు గానీ ఆయన చెల్లెలు సముద్రం పక్కనే ఉండిపోయింది. మావయ్య పడవ మీద వెళ్ళేవాడు. అత్త తెల్లవారుతూనే ఒడ్డుకి వెళ్ళి వేలంపాటలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో తన వాడుక ఇళ్ళకి తిరిగి అమ్మేది. వీధి మొదట్లో ఆవిడ కేక వినపడితే వీధి చివర ఇంట్లో చింతపండు నానేసుకునేవారట. ఆవిడ పెద్దకొడుకే మా బావ, అంటే మా ఆయన. ఆ ఇంట్లో చదువుకుని ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటివాడు. నేను బందరులో మునిసిపల్ స్కూలు టీచర్ని, ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. చిన్న అద్దె ఇల్లు, వారానికోసారి అత్త పంపే చేపలు, ఇంటి నిండా ఆ పులుసు వాసన. నా అంత అదృష్టవంతురాలు లేదని గుడివాడలో మా అమ్మ అందరికీ చెప్పుకునేది.

మా వెనక వీధిలో వీరరాఘవులు అని ఒక పాలాయన ఉండేవాడు. పొద్దున్నే చెంబు పట్టుకుని ఆయన పాకకి వెళ్ళడం నాకూ రేవతికీ అలవాటు. దానికప్పుడు నాలుగేళ్ళు. నేను పాలు పోయించుకునేలోపు అది గేదెదూడతో ఊసులాడేది, మా ఇంట్లో సగం అరిటిపళ్ళ తొక్కలు ఆ దూడకే వెళ్ళేవి. ఒకసారి నాలుగు రోజులు గుడివాడ వెళ్ళొచ్చేసరికి దూడ చచ్చిపోయింది. వీరరాఘవులు దాని తోలులో వరిగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళలా దిగ్గొట్టి గేదె ముందు నిలబెట్టాడు. దూడ కనపడకపోతే గేదె పాలివ్వదని అందరూ చేసే పనే అది, ఆయన చెడ్డమనిషేం కాదు. గేదె ఆ బొమ్మని నాకుతోంది. ఆయన పక్కన కూర్చుని పాలు పితుకుతున్నాడు. రేవతి చాలాసేపు చూసి, "అమ్మా, దానికి తెలీదా?" అని అడిగింది. పదేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, చెంబు అందుకుని దాని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

ఆ రోజు నుంచి అది పాలు ముట్టలేదు. బతిమాలాను, బెదిరించాను, ముక్కు మూసి పోశాను కూడా. మొత్తం నా చీర మీదే కక్కింది. "పిల్ల మాట, నాలుగు రోజులు చూద్దాం" అన్నాడు బావ. ఆ నాలుగు రోజుల్లో అది పెరుగు ఎవరిదో అడిగింది, నెయ్యి ఎవరిదో అడిగింది, గుడ్డు ఎవరిదో అడిగి తెలుసుకుంది. నెల తిరిగేసరికి చేపల దగ్గరికొచ్చింది. తిననని అది గొడవ చేసేది కాదు, కంచం పక్కకి జరిపి మన మొహం వంక చూసేది. కోపమొస్తే అరవచ్చు గానీ అలా చూస్తే ఏం చేస్తాం! "అమ్మా, నువ్వెవరివి తింటున్నావు?" అని ఒకరోజు నెమ్మదిగా అడిగింది. ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాను. అప్పటికి నేను రెండోసారి నీళ్ళోసుకుని ఉన్నాను. వేవిళ్ళో, పిల్ల మాటో తెలీదు గానీ నాకూ సయించడం మానేసింది. బావ మా ఇద్దరి మొహాలూ చూసి, "ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టలేను తల్లీ" అని తనూ మానేశాడు. ఆఫీసు పక్కన హోటల్లో తినొచ్చేవాడని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది, ఆయన చొక్కా జేబులో సోంపు గింజలు చూసి కూడా నాకు అనుమానం రాలేదు.

ఇప్పుడు మా రేవతి తన కూతురికి డబ్బాలో అమ్మే ఓట్స్ పాలు కొంటుంది, సోయా పెరుగు ఇంటికే వస్తుంది, దాన్ని వీగన్ అంటారని అందరికీ తెలుసు. మాకు ఆ మాట తెలీదు. "ఏ స్వాములవారి దగ్గర ఉపదేశం తీసుకున్నారండీ?" అని వీధిలో అడిగేవారు. మా అమ్మాయి ఉపదేశం అంటే నవ్వేవారు. పొద్దున్నే నానబెట్టిన వేరుశనగ గుళ్ళు రుబ్బురోట్లో రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండేదాన్ని. పెడనలో అద్దకం పనివాళ్ళు అచ్చు వేయకముందే పక్కన పడేసిన తెల్లగుడ్డ ముక్కలు బావ తెచ్చేవాడు, వాటిని ఉడకబెట్టి ఆరేస్తే మా దండెం మీద ఎప్పుడూ జెండాల్లా ఎగురుతుండేవి. పిప్పి పారేయకుండా కూరల్లో వేసేదాన్ని. నువ్వులుండలు, రాగిజావ, మునగాకు పప్పు, కొబ్బరిపాలతో అన్నం. పెరుగు లేకుండా భోజనం ముగించడం ఎలా అన్నది పెద్ద సమస్య అయితే, మా అమ్మ గుడివాడ నుంచి తరవాణి కుండ పట్టుకొచ్చి దాన్ని తీర్చింది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్ళలో చద్దన్నం వేసుకుని ఉల్లిపాయ నంజుకుంటే ఇక పెరుగు గుర్తు రాదు. పిల్లలు లొట్టలేసుకుంటూ తాగేవారు. పక్కింటి సరోజిని టీచరుగారు క్రైస్తవులు, క్రిస్మస్‌కి వీధంతా కేకు పంచేవారు. మొదటి ఏడాది రేవతి కేకు వద్దనగానే ఆవిడ మొహం చిన్నబోయింది. రెండో ఏడాది గుడ్డూ వెన్నా లేకుండా అరిటిపళ్ళు మెదిపి, కుక్కర్లో ఇసక పోసి దాని మీద కాల్చిన కేకు ఒకటి విడిగా తెచ్చి, "ఇది నీ ఒక్కదానికే, మీ నాన్నకి పెట్టకు" అని రేవతి చేతిలో పెట్టారు. ఇటుకలా గట్టిగా ఉంది. అంత రుచిగల కేకు నేను మళ్ళీ తినలేదు.

అత్తతోనే చిక్కంతా. మా అబ్బాయి కిట్టు పుట్టిన మూడో రోజున అత్త మొదటి బస్సుకి దిగింది, తట్టలో పాలసొర. బాలింతకి పాలు పడాలంటే పాలసొర పెట్టాలి, మా ఇళ్ళలో అది తప్పని ఆచారం. కోడలికి పాలసొర పెట్టని అత్తని ఊరు బతకనివ్వదు. నేను వద్దన్నాను. "నువ్వు తినకపోతే మానె, బిడ్డ నోరు కట్టేత్తావా?" అంది. మెంతులు, వెల్లుల్లి, బొప్పాయికాయ కూర తింటున్నాను, పాలు బాగానే పడుతున్నాయన్నాను. "సంద్రం ఒడ్డున పుట్టిన ముండవి, సొరచేప వద్దంటావా? మీ నాయన గుడివాడెళ్ళి చెడగొట్టాడే నిన్ను!" అని అరిచి, ఆ చేపని వీధిలో ఉన్న ఇంకో బాలింత ఇంటికి పట్టుకెళ్ళి స్వయంగా పొడికూరలా పిట్టు చేసి పెట్టొచ్చింది. సాయంత్రం తిరిగొచ్చి నాకోసం బొప్పాయికాయ తరుగుతూ, "ఆ పిల్ల ఎంత బాగా తిన్నాదో" అని మూడుసార్లు చెప్పింది.

కిట్టు పాలు మరిచాక నాకు అసలు భయం పట్టుకుంది. రేవతి బాగానే ఎదుగుతోంది. వీడు మాత్రం పుల్లలా ఉండేవాడు. పిల్లల డాక్టరుగారు మొదట నన్ను గట్టిగా కోప్పడ్డారు. తర్వాత కుర్చీ వెనక్కి వాల్చి, "సరే, ఎంతమంది చెప్పినా వినే రకం కాదు మీరు. అయితే ఒక విటమిను మీ తిండిలో దొరకదు, ఈ డ్రాపులు ఒక్కరోజు మానినా ఊరుకోను. నెలనెలా తీసుకొచ్చి తూకం వేయించండి" అన్నారు. డ్రాపులు తప్పకుండా వేశాను. మూడు నెలలు వరసగా తూకం ముల్లు ఒక్కచోటే నిలబడింది. స్కూలు నుంచి వచ్చి వాడి చేతులు నా వేళ్ళతో కొలుచుకునేదాన్ని. నా పట్టుదలకి వీణ్ణి బలి ఇస్తున్నానా అన్న భయం వదిలేది కాదు. నాలుగో నెలలో తూకం పెరగకపోతే పాలూ గుడ్డూ మొదలుపెడతానని డాక్టరుగారికి మాటిచ్చాను.

సరిగ్గా అప్పుడే నన్ను రెండు నెలల ట్రైనింగుకి వేశారు. తప్పించుకోవడానికి లేదు. బావ ఒక్కడూ ఇద్దరు పిల్లల్ని చూసుకోలేడు, మా అమ్మకి అప్పుడే కంటి ఆపరేషన్. "నా దగ్గర వదులు" అంది అత్త. చేపల తట్ట ఉన్న ఇంట్లో ఎలా అని గుంజాటన పడి, చివరికి వదిలాను. ఏమేం పెట్టకూడదో కాగితం మీద రాసిచ్చాను. అత్తకి చదువు రాదు. ఆ కాగితం రేవతికిచ్చి చదివి వినిపించమన్నాను, దానికి అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఎంత టీచరమ్మనో చూడండి.

ట్రైనింగు అవగానే అటునుంచి అటే అత్త ఊరికి వెళ్ళాను. వాకిట్లో కిట్టు ఎదురొచ్చాడు. బుగ్గలొచ్చాయి. ఎత్తుకుంటే బరువు తెలిసింది. సంతోషించాల్సిన దాన్ని, అనుమానపడ్డాను. మూడు నెలలు నేను తంటాలు పడితే పెరగనివాడు ఇక్కడ ఊరికే ఎలా పెరిగాడు? వాడి చొక్కా వాసన చూశాను. ఎండురొయ్యల వాసన. ఆ ఊళ్ళో గాలే ఆ వాసన అన్న సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు లేదు. నేరుగా వంటగదిలోకి వెళ్ళాను. పిల్లల జావపొడి సీసా పక్కనే గూట్లో రొయ్యపొడి పొట్లం. అది పట్టుకుని బయటికొచ్చాను. పక్కిళ్ళవాళ్ళు అరుగుల మీదున్నారు. "పిల్లల అన్నంలో ఇది కలిపావు కదత్తా? చదువు రానిదానివని నమ్మి వదిలితే నన్ను మోసం చేస్తావా?" అన్నాను. రేవతి నా కొంగు లాగుతూ, "కాదమ్మా, నాయనమ్మ..." అంటోంది. "పెద్దవాళ్ళ మధ్య నువ్వు మాట్లాడకు, నోర్ముయ్!" అని కసిరాను. అత్త నన్నూ, పొట్లాన్నీ, అరుగుల మీది మనుషుల్నీ ఒకసారి చూసింది. ఎవరితోనైనా సరే నోరేసుకుని పడే మనిషి, గొంతు పెంచకుండా, "నీ పిల్లలు, నీ ఇష్టం. బస్సు టైమయింది, ఎళ్ళు" అంది.

ఆ తర్వాత ఏడాది దాకా అత్త బందరు రాలేదు. కిట్టుని బడిలో వేసిన రోజున వచ్చింది, మామూలుగానే మాట్లాడింది, నేనూ మాట్లాడాను. కాలం అలా సర్దేసింది. ఒక్కటే తేడా, పిల్లలకి మళ్ళీ ఎప్పుడూ తన చేత్తో ముద్ద పెట్టలేదు. కంచం దగ్గర కూర్చునేది, కబుర్లు చెప్పేది, "మీ అమ్మ పెడద్దిలే" అనేది. తప్పు చేసింది కాబట్టి జంకుతోందనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా అదే అనుకుంటూ, లోలోపల పెద్దమనసుతో క్షమించేశాను కూడా. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మొన్న గడప దగ్గర రేవతి ఆ గరిటె తిప్పి తిప్పి చూసి చెప్పింది ఇదీ. "నాయనమ్మ మిగతా గరిటెలన్నీ పులుసులో పెట్టినవేగా. అందుకని మాకోసం కొత్త గిన్నె, కొత్త గరిటె కొంది. ఎవరూ పొరపాటున వాడకుండా తన మెళ్ళో గొలుసు తెంపి చుట్టింది. మినుములు, నువ్వులు, గుళ్ళు వేయించి విసిరి, కొబ్బరిపాలలో తాటిబెల్లం వేసి జావ కాచేది. తమ్ముడు నీ దగ్గరలాగే ఒక గుక్క తాగి పారిపోయేవాడు. నాయనమ్మ గిన్నె పట్టుకుని వెనకాలే నడిచేది, ఒడ్డుదాకా, మళ్ళీ ఇంటిదాకా. రోజంతా అదే పని."

"రోజంతానా? మరి తట్ట ఎవరెత్తారే?"

"ఎత్తలేదుగా! ఆ రెండు నెలలూ నాయనమ్మ వేలంపాటకే వెళ్ళలేదు. మొదటి రోజు ముద్ద పెడితే నేను చెయ్యి వాసన చూసి మొహం తిప్పుకున్నా. నిమ్మడొప్పతో రుద్దింది, చింతపండుతో రుద్దింది, పోలేదు. మర్నాటి నుంచి చేపల్ని ముట్టుకోలేదు. రొయ్యపొడి తన అన్నంలోకి, మేం ఆడుకోడానికి వెళ్ళినప్పుడు పెరట్లో కూర్చుని చెంచాతో తినేది, చేతికి అంటకుండా." రేవతి ఆగి నా మొహం చూసింది. "నీకు తెలీదా? ఆ రోజు చెప్పబోయానుగా. నోర్ముయ్ అన్నావు. తర్వాత నాయనమ్మే చెప్పి ఉంటుందనుకున్నా."

నిష్ఠూరంగా అనలేదు అది, జరిగింది జరిగినట్టు చెప్పింది. నాలుగేళ్ళ పిల్ల అడిగిన ఒక్క ప్రశ్నకి ఇల్లంతా వంట మార్చేసుకున్నవాళ్ళం. అదే పిల్ల రెండేళ్ళ తర్వాత నిజం చెప్పబోతే నేను వినలేదు. రెండు నెలలు కనపడకపోతే చేపల వాడుక ఇళ్ళు నిలబడవు, ఇంకొకరి తట్ట వచ్చేస్తుంది. ఆ తర్వాత అత్త పచ్చిచేపలు మానేసి ఎండుచేపలు అమ్ముకుంటూ కూర్చుంది. మోకాళ్ళ నొప్పులనే అనుకున్నాం అందరం, ఆవిడా అదే చెప్పేది. కిట్టు ఇప్పుడు ఆరడుగుల మనిషి. హాస్టలుకి వెళ్ళిన మొదటి వారంలోనే అన్నీ తినడం మొదలుపెట్టాడు, రొయ్యల వేపుడు లేనిదే వాడికి ఆదివారం గడవదు. తినేది వాడి ఇష్టం. ఆ ఎముకల్లో మొదటి బలం మాత్రం ఈ గరిటె పెట్టింది. నా పిల్లల్ని నేను పెంచానని, ఎంత కష్టపడి పెంచానో అని ఎన్నిచోట్ల చెప్పుకున్నానో!

వెళ్ళి అత్త మంచం మీద కూర్చున్నాను. "ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను. ఈసారి వినపడింది. "అరుగుల మీద అంతమంది ముందు అడిగితే ఏం చెప్పనే? ఔనన్నా పరువు పోద్ది, కాదన్నా పోద్ది" అంది. తప్పయిపోయిందని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనిపించలేదు. "ముప్పై ఏళ్ళకి గుర్తొచ్చిందా టీచరమ్మకి! పొద్దు పోతంది, పిల్లకి ఆకలేత్తంది, పప్పన్నం పట్రా" అంది.

రేవతి దోసకాయ పప్పన్నం తెచ్చి కంచం అత్త ముందే పెట్టింది. అత్త నా వంక చూసింది. "నువ్వే పెట్టత్తా" అన్నాను. మెత్తగా కలిపింది, చిన్న ముద్ద చేసింది. మునిమనవరాలు నోరు తెరిచింది. తట్ట దించి ముప్పై ఏళ్ళయింది, ఎండుచేపలు మానేసి కూడా పదేళ్ళయింది. అయినా అత్త ఆ ముద్దని పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళే ముందు, చెయ్యి తన ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసుకుంది.